నెహ్రూ మిత్రుడు కృష్ణ మేనన్

1896లో జన్మించిన వి.కె.కృష్ణ మేనన్ లండనులో ఇండియా లీగును నడిపి, ఆంగ్లేయుల గడ్డమీదనే భారత స్వాతంత్ర్యం కోసం వాదించిన ధీశాలి. 1938లో అంతర్యుద్ధంతో అట్టుడుకుతున్న స్పెయినుకు నెహ్రూతో కలసి వెళ్ళాడు. ఆ చెలిమి గట్టిది. స్వాతంత్ర్యానంతరం నెహ్రూ ఆయనను బ్రిటనుకు తొలి హైకమిషనరుగా పంపాడు.

1957 జనవరిలో భద్రతామండలిలో కశ్మీరుపై దాదాపు ఎనిమిది గంటలు ప్రసంగించి మేనన్ సొమ్మసిల్లాడు. వాగ్ధాటితోబాటు మాట దురుసూ ఆయనకు మెండే. అందుచేత విరోధులూ మెండే! అదే ఏట రక్షణమంత్రి అయ్యాడు.

1962లో చైనా యుద్ధంలో మన సేన దెబ్బతినగా, సొంత పక్షంవారు సైతం ఆయనను తొలగించమన్నారు. ఓటమికి ఆయనొక్కడే కారకుడనడం న్యాయం కాదు. నెహ్రూ రక్షణశాఖను తాను తీసుకొని, మిత్రునికి రక్షణోత్పత్తుల శాఖను అప్పగించాడు. ఆ ఏర్పాటు వారమైనా సరిగా నిలువలేదు. నవంబరులో మేనన్ రాజీనామాను నెహ్రూయే ఆమోదించవలసివచ్చింది.