రాయి మట్టయ్యే దారి

బండ మట్టిగా మారడానికి యుగాలు పడుతుంది. ఆ మట్టి కొట్టుకుపోవడానికి నాలుగు వానలు చాలు. బస్తర్‌లో ఒక్క రోజు తిరిగితే రెండూ కనిపిస్తాయి.

ఆగస్టులో చిత్రకోట్ జలపాతం ముందు నిలబడితే పక్కవాళ్ల మాట వినిపించదు. సుమారు 95 అడుగుల ఎత్తు నుంచి, గుర్రపు నాడా ఆకారంలో, దాదాపు 300 మీటర్ల వెడల్పున ఇంద్రావతి విరుచుకుపడుతుంది. ఆ నీరు తెల్లగా ఉండదు. చిక్కటి టీ రంగులో ఉంటుంది. అదే జనవరిలో వెళితే నది తేటపడి, పాయలుగా చీలి దూకుతుంటుంది. పడవవాళ్లు జలపాతం అడుగు దాకా తీసుకెళతారు. పర్యాటకులకు ఇది సీజన్ తేడా మాత్రమే. సైన్సు పాఠం చదువుకునే పిల్లలకు మాత్రం అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. వానాకాలంలో నీటికి ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

దశాబ్దాల పాటు వార్తల్లో బస్తర్ అంటే తుపాకుల మోతే. కానీ ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఉన్న ఈ పీఠభూమికి అంతకన్నా చాలా పాత కథ ఉంది. తెలుగువారికి ఇదేమీ పరాయి నేల కాదు. ఓరుగల్లు పతనం తర్వాత కాకతీయ వంశీకులు ఇక్కడికొచ్చి రాజ్యం ఏలారు. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా సొరంగాలు దాటుకుంటూ జగదల్‌పూర్‌కు రైలు నడుస్తుంది. అక్కడి నుంచి చిత్రకోట్ 40 కి.మీ. లోపే.

జలపాతం కింద ఉన్నది ఇసుకరాయి. భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో దాని వయసు సుమారు వంద కోట్ల ఏళ్లు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుకే, పైపొరల బరువుకు బిగుసుకుని రాయి అయింది. ఇప్పుడు ఆ రాయి మళ్లీ ఇసుక అవుతోంది. పాఠ్యపుస్తకాలు దీన్నే శిలాశైథిల్యం అంటాయి. అంటే రాయి ఉన్నచోటనే ఉండి పగలడం, కుళ్లడం. పగటి ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించే బండ మీద సన్నటి పగుళ్లు పడతాయి. వాటిలోకి నీరు దిగుతుంది. ఆ వెనకే చెట్టు వేరు దూరి, లావెక్కుతూ పగులును వెడల్పు చేస్తుంది. రాతిలోని ఇనుము గాలికీ తడికీ తుప్పు పడుతుంది. బస్తర్ మట్టి ఎర్రగా ఉండటానికి కారణం ఆ తుప్పే.

రాయిని నీరు ఎలా కరిగిస్తుందో చూడాలంటే కాంగేర్ లోయలోకి వెళ్లాలి. 1982లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ అడవి 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఇందులోని కుటుంసర్ గుహకు ఇరుకైన దారిలో దిగాలి. వానాకాలంలో నీరు చేరుతుంది కాబట్టి అప్పుడు మూసేస్తారు. ఇక్కడున్నది సున్నపురాయి. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ పలుచటి ఆమ్లం సున్నపురాతిని లక్షల ఏళ్లపాటు కరిగించగా మిగిలిన ఖాళీయే గుహ. అరకు దారిలో బొర్రా గుహలు చూసినవారికి ఈ దృశ్యం పరిచయమే. నీటిలో కరిగిన సున్నం బొట్టుబొట్టుగా జారి, పైకప్పు నుంచి ఊడల్లా వేలాడుతుంది. ఒక్క అంగుళం పెరగడానికి వందల ఏళ్లు పట్టవచ్చు. గుహలోని చీకటి మడుగుల్లో చూపు కోల్పోయిన చిన్న చేపలు బతుకుతున్నాయి. కన్ను అక్కరలేకుండా పోయేంత కాలం గడిచిందన్నమాట.

రాయి నలగడం ఒక పని. నలిగినదాన్ని మోసుకుపోవడం మరో పని. దాని పేరు క్రమక్షయం, వాడుకలో కోత. అదే లోయలో ముగాబహార్ నది తీరథ్‌గఢ్ దగ్గర సుమారు 300 అడుగులు మెట్లు మెట్లుగా దిగుతుంది. పొరలుపొరలుగా ఉన్న రాతిలో మెత్తటి పొర ముందు అరిగి, గట్టి పొర మెట్టులా మిగులుతుంది. చిత్రకోట్‌లో పడే నీరు పాదాన్ని తొలుస్తుంటే, ఆధారం పోయిన పై అంచు ఎప్పుడో ఒకప్పుడు విరిగిపడుతుంది. అలా జలపాతం కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతుంది. గుర్రపు నాడా ఆకారం ఆ నడక మిగిల్చిన గుర్తే.

ఈ పాఠం బస్తర్ రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పొలాల పేర్లలోనే అది ఉంది. అన్నిటికన్నా ఎత్తున, గట్లు లేని పలుచటి నేల మర్హాన్. దాని కింద టిక్రా, ఆ కింద మాల్, అట్టడుగున గభార్. మర్హాన్‌లో అరికలు, సామలు లాంటి చిరుధాన్యాలే పండుతాయి. గభార్‌లో తడి నిలిచి, ఎక్కువ కాలం పైరుండే వరి పండుతుంది. పైనుంచి మెత్తటి మట్టి ఏళ్లతరబడి దిగివచ్చి కింద పేరుకోవడమే ఇందుకు ప్రధాన కారణం. పైనున్న రైతు పోగొట్టుకున్నదే కిందనున్న రైతుకు సిరి.

అడవి ఉన్నంతవరకు ఈ దిగుడు నెమ్మదిగా సాగుతుంది. సాల వృక్షాల ఆకులు వాన చినుకు దెబ్బను కాచుకుంటాయి, రాలిన ఆకులు నీటి పరుగును ఆపుతాయి, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. చెట్టు పోతే చినుకు సూటిగా నేలను కొడుతుంది. ఒక అంగుళం మేలిమి మట్టి తయారుకావడానికి వందల ఏళ్లు కావాలి. బోడి వాలు మీద అది కొద్ది వానాకాలాల్లోనే పోవచ్చు. ఆగస్టులో చిత్రకోట్ నీటి రంగు ఆ మట్టిదే. అందులో కొంత నది పుట్టిన ఒడిశాలోని కలహండి కొండలది, కొంత దారిలోని పొలాలది.

మనిషి చేయి పడితే వేగం ఎలా మారుతుందో దక్షిణాన బైలదిలా కొండలు చూపిస్తాయి. ఆ పేరుకు అర్థం ఎద్దు మూపురం. 1968 నుంచి అక్కడ ఇనుప ఖనిజం తవ్వి, రైల్లో విశాఖకు పంపుతున్నారు. ఖనిజపు పొడి వానకు కొట్టుకువచ్చి శంకినీ నది ఎర్రబడుతోందని, పొలాల్లో మేట వేస్తోందని గ్రామాల ఫిర్యాదు దశాబ్దాల నాటిది. ఆ పొడిని ఆపడానికి చెక్ డ్యామ్‌లు కట్టారు. వాన పెద్దదైతే మాత్రం అదే భయం మళ్లీ మొదలవుతుంది.

కొట్టుకుపోయిన మట్టి మాయం కాదు, ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఒడిశా సరిహద్దులో ఇంద్రావతి నీటిలో కొంత జోరా నాలా గుండా శబరి వైపు మళ్లిపోతోంది. నదిలో ఇసుక మేట వేయడం కూడా ఇందుకు ఒక కారణం. ఆ నీటిపై రెండు రాష్ట్రాల మధ్య ఏళ్లుగా పేచీ నడుస్తోంది. 2019 వేసవిలో చిత్రకోట్ దాదాపు ఎండిపోయినప్పుడు, నదిని కాపాడాలంటూ స్థానికులు పాదయాత్ర చేశారు. వానాకాలంలో మట్టి మోసిన నదికి ఎండాకాలంలో నీళ్లు కరువయ్యాయి.

ఇంద్రావతి భద్రకాళి దగ్గర, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. కోనసీమ కొబ్బరితోటల కింద ఉన్న ఒండ్రులో బస్తర్ బండల పొడి కూడా ఉంది. ఇప్పుడు దారిలో ఆనకట్టల వెనక చాలా ఒండ్రు ఆగిపోతోంది, డెల్టాకు చేరేది తగ్గింది. బస్తర్ మెట్ట రైతుకు మట్టి పోతోందని బెంగ, గోదావరి సముద్ర తీరానికి మట్టి రావడం లేదని బెంగ. రాయిని మట్టిగా మార్చే పని మనిషి తొందరపెట్టగలిగింది కాదు. చేయగలిగిందల్లా వాలుకు అడ్డంగా దున్నడం, గట్టు వేయడం, చెట్టును ఉంచడం. చిత్రకోట్ నీరు ఆగస్టులో ఏ రంగులో ఉందో చూస్తే, ఆ పని ఎంతవరకు జరిగిందో ఏటేటా తెలుస్తుంది.