అంట్ల పెట్టె అలిగింది!

నీళ్లు పోస్తేనేగానీ పనిచేయదు. పోసిన నీళ్లు ఒక్కోసారి బయటికి పోవు. అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుంటే స్టీలు గ్లాసుల మీద విబూది రాసినట్టు తెల్లటి పొర! డిష్‌వాషర్ పెట్టే పేచీలకు అంతుండదు. కానీ కాస్త ఓపిగ్గా చూస్తే వాటిలో చాలావాటికి మందు మన చేతుల్లోనే ఉంటుంది.

ఫ్యాను మెల్లగా తిరిగితే కండెన్సర్ పోయిందంటాం. మిక్సీ ఊరికే మూలిగితే కప్లర్ అరిగిందంటాం. గ్యాస్ మంట ఎర్రగా వస్తే బర్నర్ తీసి పిన్నీసుతో పొడుస్తాం. ఏళ్ల తరబడి మనతో కాపురం చేస్తున్న సామాన్లు కాబట్టి వాటి జబ్బులూ మందులూ ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. డిష్‌వాషర్ సంగతి అలా కాదు. అది కొత్తల్లుడు లాంటిది. ఎందుకు అలిగిందో చెప్పదు. కుయ్... కుయ్... మని నాలుగు కూతలు కూసి, ఓ అంకె చూపించి ఊరుకుంటుంది.

2020లో లాక్‌డౌన్ వచ్చి పనివాళ్లు రాలేకపోయాక మన నగరాల్లో ఎన్నో ఇళ్లు ఈ యంత్రం వైపు చూశాయి. సొంతిల్లయితే గ్రానైటు కోయించి పెద్దది పెట్టుకోవచ్చు. అద్దింట్లో ఉండేవాళ్లకు ఆ వీల్లేదు. అలాంటివాళ్ల కోసమే చిన్నది, గట్టు మీద పెట్టుకునేది, ఇల్లు మారితే వెంట తీసుకెళ్లగలిగేది ఉంది. పోర్టబుల్ డిష్‌వాషర్ అంటారు. కుళాయికి ఒక పైపు, సింకులోకి మరో పైపు. అంతే!

చేతుల కోసం కొన్నారు

హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్, అయిదో అంతస్తు. పైన ఇక డాబానే. అద్దెకుంటున్న ఆ కుటుంబంలో నలుగురు. ఆయన ఆఫీసు ఉద్యోగి, ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు, పదో తరగతి చదివే కొడుకు, డెబ్భైకి దగ్గరపడిన నానమ్మ. అక్కడ యంత్రం కొన్నది సరదాకి కాదు, నానమ్మ చేతుల కోసం. తోముడు పొడికీ సబ్బుకీ ఆవిడ వేళ్లు పగిలిపోయేవి. సబ్బు నీళ్లలో చెయ్యి పెట్టొద్దని చర్మవైద్యుడు గట్టిగా చెప్పారు. ఆవిడ వింటేనా! సింకులో అంట్లు కనిపిస్తే నిద్రపట్టని మనిషి. యంత్రం వచ్చి అంట్లు కళ్లబడకుండా పోయాకే ఆ చేతులకు విశ్రాంతి దొరికింది. పగుళ్లు మానాయి. ఎప్పుడో మానేసిన మల్లెపూల మాలలు మళ్లీ కట్టడం మొదలుపెట్టారావిడ.

సరిగ్గా మల్లెల కాలంలోనే, మే నెలలో ఓ రాత్రి, యంత్రం ఆగిపోయింది. సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే ‘నాలుగు రోజులు పడుతుంది’ అన్నారు. ‘నాలుగు రోజులే కదమ్మాయ్, నేను కడిగేస్తాలే’ అంటూ నానమ్మ కొంగు బిగించింది. కోడలు వద్దంటున్నా వినలేదు. మర్నాటి సాయంత్రానికి కుడిచేతి బొటనవేలు పక్కన సన్నటి ఎర్రగీత!

అది చూశాక కోడలు ఇక సర్వీసు మనిషి కోసం కాచుకు కూర్చోలేదు. కొడుకుని పిలిచి, మాన్యువల్ తీసి, టార్చిలైటు పట్టుకుని యంత్రం ముందు చతికిలబడింది.

రుద్దదు... చిమ్ముతుంది

ఎక్కడ చెడిందో తెలియాలంటే ఎలా పనిచేస్తుందో తెలియాలి. డిష్‌వాషర్‌లో పీచు ఉండదు, బ్రష్షు ఉండదు. వేడినీళ్లను జోరుగా చిమ్మి మురికిని వదలగొట్టడమే దాని పని. ఈ ఆలోచన పాతదే. 1850లోనే అమెరికాలో జోయెల్ హౌటన్ అనే ఆయన చేత్తో తిప్పే చెక్క యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది అంతగా పనికిరాలేదు. పనికొచ్చే యంత్రాన్ని తయారుచేసింది ఓ ఇల్లాలు. ఇల్లినాయి రాష్ట్రంలోని షెల్బీవిల్‌లో ఉండే జోసెఫిన్ కాక్రేన్. ఖరీదైన తన పింగాణీ పళ్లాలు కడిగేటప్పుడు పెచ్చులూడుతున్నాయని ఆవిడ బాధ. భర్త చనిపోయి అప్పులు మిగిలాక ఆ ఆలోచనే ఆవిడకి బతుకుతెరువైంది. పళ్లాలనూ కప్పులనూ కొలిచి, వాటికి సరిపడా తీగ గూళ్లు అల్లి, వాటి మీద సబ్బునీళ్లు చిమ్మేలా యంత్రం చేయించింది. 1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ యంత్రాలను చూసి జనం ముచ్చటపడ్డారు. కొన్నవి మాత్రం ఎక్కువగా హోటళ్లే. అప్పట్లో చాలా ఇళ్లలో యంత్రానికి సరిపడా వేడినీళ్లు ఎక్కడివి!

నూటముప్ఫై ఏళ్లు దాటినా సూత్రం అదే. నీళ్లు రావాలి, వేడెక్కాలి, చిమ్మాలి, పోవాలి. లెక్కల టీచరు కదా... ఈ నాలుగు మాటలనూ ఆవిడ ఓ కాగితం మీద వరసగా రాసుకుంది. లెక్క ఎక్కడ తప్పిందో చూడాలంటే మొదటి మెట్టు నుంచే కదా రావాలి!

జగ్గుతో పరీక్ష

వాళ్ల యంత్రం కుళాయికి తగిలించుకోవచ్చు, లేదంటే పైనున్న చిన్న ట్యాంకులో జగ్గుతో నీళ్లు పోసుకోవచ్చు. కొడుకు ఆ సదుపాయాన్నే పరీక్షగా మార్చాడు. ‘అమ్మా, మనమే నీళ్లు పోసి చూద్దాం. నడిస్తే లోపల బాగున్నట్టు, పైపులో తేడా ఉన్నట్టు’ అన్నాడు. పొద్దుటి అంట్లు సర్ది, అయిదు లీటర్లు పోసి మీట నొక్కారు. జుయ్‌మంటూ మొదలైంది! అంటే తప్పు నీళ్లొచ్చే దారిలోనే ఉంది.

ఆ దారిలో చూడాల్సినవి మూడు. కుళాయి పూర్తిగా తిప్పి ఉందా? పైపు ఎక్కడైనా మడత పడిందా? పైపు చివర ఉండే చిన్న జాలీ శుభ్రంగా ఉందా? మరలు తిప్పి పైపు ఊడదీస్తే సమాధానం కనిపించింది. గోరంత జాలీ నిండా ఎర్రటి ఇసుక. వేసవి కదా, నాలుగు రోజులుగా అపార్ట్‌మెంటుకు ట్యాంకరు నీళ్లే దిక్కు. ఆ నలుసులన్నీ అక్కడ చేరాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే అయిదు నిమిషాల్లో వదిలిపోయాయి.

కింది అంతస్తుల్లోనూ ఇలాంటి యంత్రాలున్నాయి. అవి ఆగలేదు, ఇదే ఎందుకు ఆగింది? అందుకూ కారణముంది. ట్యాంకు నుంచి పది మీటర్ల కిందికి వస్తే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. డాబా కిందే ఉన్న ఇంటికి ట్యాంకు మహా అయితే మూడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే 0.3, 0.4 బార్ దాటదు. ఇలాంటి యంత్రాలకు సాధారణంగా కనీసం 0.4 నుంచి 0.5 బార్ కావాలి. అసలే అంతంతమాత్రం ధార. దానికి జాలీలో ఇసుక తోడైతే ఇంకేముంది! నిర్ణీత సమయంలో నీళ్లు నిండకపోయేసరికి యంత్రం చేతులెత్తేసింది. పై అంతస్తులో ఉండేవాళ్లు కొనేముందే మాన్యువల్‌లో ఈ అంకె చూసుకోవడం మంచిది.

చింతగింజ చేసిన పని

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండేది. జగ్గు నీళ్లతో నడిచిన యంత్రం చివర్లో మళ్లీ ఆగింది. తలుపు తెరిస్తే అడుగున బురద నీళ్లు. ఫిల్టర్ కింద గుంటలో ఎప్పుడూ కాసిని నీళ్లుండటం మామూలే. కానీ ఇది పళ్లెం లోతు! లోపల్నుంచి ‘గూ...’ అని మూలుగు. కాగితం మీది నాలుగో మాట ‘పోవాలి’ దగ్గర లెక్క తప్పిందన్నమాట.

ముందు సింకులోకి వెళ్లే పైపు చూశారు. మడత లేదు. మాన్యువల్‌లో చెప్పిన ఎత్తు కన్నా పైకి లేదు. దాని కొస సింకులో నిలిచిన నీళ్లలో మునిగి కూడా లేదు. మునిగితే మురికినీళ్లు తిరిగి లోపలికి రావచ్చు. ఇక మిగిలింది ఫిల్టర్. ప్లగ్గు పీకి, నీళ్లు గరిటెతో తోడి, ఫిల్టర్ పట్టుకోగానే ఊరికే చేతికొచ్చేసింది. తిప్పితే టక్కుమని బిగుసుకోవాల్సిన వస్తువది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, యంత్రం ఆగిన రాత్రి ఇంటాయన తనవంతు ప్రయత్నంగా దాన్ని తీసి కడిగి, బిగించకుండా వదిలేశారు! తెలియని జబ్బుకి తోచిన మందు వేస్తే రెండో జబ్బు వస్తుందంటే ఇదే.

రబ్బరు చేతొడుగులు వేసుకుని, గాజుముక్కలుంటాయేమోనని టార్చి వేసి చూస్తూ, గుంటలోని చిన్న మూత తీశారు. దాని కింద నీళ్లను బయటికి తోసే పంపు చక్రం. దాని రెక్కల మధ్య ఇరుక్కుని... చింతగింజ ముక్క! పులుసు గిన్నెలోంచి జారి, వదులుగా ఉన్న ఫిల్టర్ సందులోంచి దూరిపోయింది. దాన్ని లాగేయగానే చక్రం వేలితో తిప్పితే తిరిగింది. ఫిల్టర్ పెట్టి టక్కుమనేదాకా తిప్పారు. ఈసారి నీళ్లు బుడబుడమంటూ సింకులోకి పోయాయి. నానమ్మ సంతోషించలేదు. ‘గిన్నె విదిలించి పెట్టండ్రా అంటే విన్నారా?’ అంది.

ఆవిడ మాటే మాన్యువల్‌లోనూ ఉంది. గిన్నెలు పూర్తిగా కడిగి పెట్టనక్కర్లేదు. మెతుకులు, కరివేపాకు రెబ్బలు, తాలింపు గింజలు, నిమ్మగింజలు దులిపేస్తే చాలు. ఆవాలు నీళ్లు చిమ్మే రెక్క రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు ఓ పక్క గిన్నెలు తళతళా, మరో పక్క జిడ్డుగానూ ఉంటాయి. టూత్‌పిక్‌తో పొడిచి, కుళాయి కింద పెడితే సరిపోతుంది.

తెల్లపొర రహస్యం

ఆ ఇంట్లో చాన్నాళ్లుగా ఇంకో ఫిర్యాదు ఉంది. స్టీలు గ్లాసుల మీద తెల్లటి పొర. డబ్బా మార్చినా, పొడి ఎక్కువేసినా పోలేదు. ఇది మురికి కాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. గీజర్ కాయిల్‌కి పట్టే సున్నం లాంటిదే. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 600 వరకూ సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. లోతైన బోరు నీళ్లలో ఇది బాగా ఎక్కువగా ఉండొచ్చు.

దీనికి విరుగుడుగా కొన్ని యంత్రాల అడుగున ఉప్పు అర ఉంటుంది. అక్కడి రెసిన్ పూసలు నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. పూసలు నిండిపోతే ఉప్పునీళ్లు వాటిని కడిగి మళ్లీ సిద్ధం చేస్తాయి. వీళ్ల యంత్రంలోనూ ఆ అర ఉంది. కానీ ఏడాదిగా ఖాళీ! వంట ఉప్పు పోద్దామంటే కుదరదు. అందులో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు ఉంటాయి. డిష్‌వాషర్‌కని అమ్మే గళ్లుప్పే వాడాలి. పోసేటప్పుడు పక్కన ఒలికితే స్టీలును తినేస్తుంది కాబట్టి వెంటనే ఓసారి యంత్రం నడపాలి. అర లేని చిన్న మోడళ్లయితే అప్పుడప్పుడూ ఖాళీ యంత్రంలో రెండు చెంచాల నిమ్మఉప్పు వేసి బాగా వేడినీళ్లతో తిప్పితే పేరుకున్న సున్నం కరుగుతుంది. బ్లీచింగ్ లాంటివి మాత్రం దాంతో కలపకూడదు.

అన్నట్టు, పొడి అయిపోయిందని గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు పోసేవాళ్లూ ఉన్నారు. అది చేతి పనికి చేసినది. యంత్రంలో పోస్తే నురగ కొండలా పొంగి తలుపు సందుల్లోంచి గట్టు మీదికి వస్తుంది. అలా జరిగితే ప్లగ్గు పీకి, నురగ తోడేసి, చన్నీళ్లతో రెండుమూడుసార్లు కడిగి వదలాలి.

ఇక్కడ ఆగాలి!

మన చేతివైద్యానికీ హద్దుంది. జాలీ, ఫిల్టర్, రెక్క, పైపులు, ఉప్పు... వీటివరకే మన పని. అడుగు నుంచి నీళ్లు కారుతున్నా, ముట్టుకుంటే జిల్లుమన్నా, కాలిన వాసన వచ్చినా, నీళ్లు అసలు వేడెక్కకపోయినా మెయిన్ స్విచ్ ఆపి, కుళాయి కట్టేసి మెకానిక్‌ని పిలవాల్సిందే. వెనక రేకు స్క్రూలు విప్పితే వారంటీ పోవచ్చు. అంతకన్నా ముఖ్యం, ప్రాణాపాయం.

నాలుగో రోజు సర్వీసు మనిషి రానే వచ్చాడు. యంత్రం చక్కగా నడుస్తోంది. అయినా అతన్ని ఉత్తినే పంపకుండా ఓసారి చూడమన్నారు. మంచిదైంది! యంత్రం ప్లగ్గు ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉంది. నీళ్లు కాచే యంత్రానికి ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ కావాలనీ, సన్న వైరు వేడెక్కి కాలిపోవచ్చనీ చెప్పి మార్పించాడు. అది తల్లీకొడుకులు రాసుకున్న కాగితంలో లేని మాట.

ఇప్పుడు ఆ ఇంటి ఫ్రిజ్ మీద ఒక పట్టిక ఉంటుంది. ఫిల్టర్ కడగడం ఇంటాయన వంతు, టక్కుమనేదాకా తిప్పడంతో సహా! నెలకోసారి జాలీ కొడుకుది. ఉప్పు చూడటం ఆవిడది. పట్టికలో తన పేరు లేదని నానమ్మ రెండ్రోజులు మూతి ముడిచింది. మూడోరోజు కోడలే కలిపింది. గిన్నెలు సర్దాక, తలుపు వేసేముందు, రెక్క దేనికీ తగలకుండా తిరుగుతోందో లేదో వేలితో తిప్పి చూడాలి. గరిటె కాడ అడ్డం పడితే చెప్పాలి. తడి తగలని పని.

రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆవిడ వచ్చి ఆ రెక్కను ఒక్క తిప్పు తిప్పి ‘ఊఁ’ అంటేనే ఆ ఇంట్లో యంత్రం మొదలవుతుంది.