లెక్కలో పడని చుట్లు

కామర్స్ చదివినవాడికి ‘స్టాక్’ అనగానే తోచేవి రెండే. ఒకటి ఏడాది చివర దుకాణంలో మిగిలిన సరుకు, రెండోది దలాల్ స్ట్రీటు. అందుకే 2024 వేసవిలో అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు అది “నాన్నా, శనివారం స్టాక్ కార్ రేసుకు పోదాం” అంటే నాకేమీ బోధపడలేదు. తీరా అడిగితే ఆ మాట పుట్టింది కూడా దుకాణంలోనేనట. షోరూములో అమ్మకానికి పెట్టిన కారును ఉన్నదున్నట్టుగా, ఇంజనూ స్ప్రింగులూ మార్చకుండా పందెంలోకి దింపితే అది స్టాక్ కారు. ఇప్పుడు పరిగెత్తే బండ్లకు పేరు మాత్రమే మిగిలింది. లోపల అంతా ప్రత్యేకంగా కట్టిన ఇనుప పంజరమే. కానీ మొదట్లో ఆ నియమాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, నాస్కార్ సంస్థ 1949 జూన్ 19న షార్లెట్‌లో పెట్టిన మొట్టమొదటి స్టాక్ పందెంలోనే, ముందుగా గీత దాటినవాడి కారును తనిఖీ చేసి, వెనక స్ప్రింగులు మార్చారని తేల్చి, గెలుపు రెండోవాడికిచ్చారు. ఆ స్ప్రింగులు మార్చింది పందెం కోసం కాదు, దొంగసారా మోయడానికి. డిక్కీ నిండా సారా ఉన్నా వెనక భాగం కుంగకుండా ఉండాలి కదా! ఈ ఆట పుట్టింది కూడా ఆ దొంగసారా బండ్ల పరుగుల్లోంచేనని అక్కడివాళ్లు దాచుకోకుండా చెబుతారు.

మేము వెళ్లింది విన్‌స్టన్-సేలం అనే ఊరికి. పేరు చూస్తేనే సిగరెట్ వాసన. ఆ రెండు పేర్లతోనూ సిగరెట్లు అమ్మిన రేనాల్డ్స్ కంపెనీది ఆ ఊరే. స్టేడియానికి పెట్టిన బౌమన్ గ్రే అనే పేరు కూడా ఆ కంపెనీ పెద్దదే. బీడీలు చుట్టే ఇందూరు పల్లెల నుంచి బొంబాయికి వచ్చిన కుటుంబం మాది. పొగాకు ఒకచోట బీడీ చేతుల్ని మిగిల్చింది, ఇంకొకచోట స్టేడియం కట్టింది అనుకుంటూ లోపలికి నడిచాను.

అది నిజానికి ఫుట్‌బాల్ మైదానం. దాని చుట్టూ పావు మైలు, అంటే నాలుగు వందల మీటర్ల దారి. మన బడిపిల్లలు పరుగుపందెం పెట్టుకునేంత చుట్టు. అందులో ఇరవైకి పైగా కార్లు! 1949 నుంచి వేసవుల్లో వారం వారం ఇక్కడ పందేలు నడుస్తున్నాయి. పేరుమోసిన రిచర్డ్ పెట్టీ తన నూరవ గెలుపు సాధించింది 1969లో ఈ చుట్టు మీదే. మామూలు వారాల్లో పరిగెత్తేవాళ్లు మాత్రం పేరుమోసినవాళ్లు కారు. వారమంతా గ్యారేజీలోనో దుకాణంలోనో పనిచేసి, రాత్రుళ్లు బండి విప్పి బిగించుకుని, శనివారం వచ్చి పోటీపడేవాళ్లు. చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా అలాంటివాళ్లే. చిన్నపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, ఇంటి నుంచి దిండ్లు తెచ్చుకున్న ముసలమ్మలు. మన గల్లీలో గణపతి నిమజ్జనం నాటి జనం ఎలా ఉంటారో అలాగే ఉన్నారు.

నాలుగు వందల మీటర్ల చుట్టులో వేగం కంటే ఒడుపు ముఖ్యం. ఒక చుట్టు పదిహేను సెకన్లకు అటూ ఇటూగా అయిపోతుంది. ఎప్పుడూ ఎడమవైపుకే తిరగాలి. అందుకని బండి బరువును ఎడమవైపుకు నెడతారు. వెనక టైర్లలో కుడివైపుది కాస్త పెద్దది, ఎడమవైపుది కాస్త చిన్నది వేస్తారు. పల్లీల కాగితపు పొట్లాన్ని నేల మీద దొర్లించి చూడండి, తిన్నగా పోదు, సన్నటి మొన వైపుకు తిరుగుతుంది. అదే సూత్రం. తిన్నటి రోడ్డు మీద ఆ బండి ఎందుకూ పనికిరాదు. ఆ గుండ్రటి దారికోసమే పుట్టింది.

అది వింటుంటే మా పెద్దనాయన మనసులో మెదిలాడు. కామాఠీపురా గల్లీలో ఒక గ్యారేజీలో ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా టాక్సీలు బాగుచేశాడు. రోజుకూలీ. బోర్డు మీద సేటు పేరు, బండి కింద పెద్దనాయన కాళ్లు. ఆనాటి బొంబాయి టాక్సీ అంటే కుర్లా కర్మాగారంలో తయారైన ఫియట్, తరువాత దానికే ప్రీమియర్ పద్మిని అని పేరొచ్చింది. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది. ఆయన బానెట్ ఎత్తకముందే చెవి వంచి విని, “దీనికి దగ్గు లేదుర, ఆయాసం ఉన్నది. కార్బరేటర్ సూడు” అనేవాడు. ఆ నల్ల-పసుపు పద్మినిల్లో చివరిది 2003 అక్టోబరులో రిజిస్టరైంది. ఇరవై ఏళ్ల గడువు తీరి 2023 అక్టోబరులో అది కూడా రోడ్డు దిగింది. పత్రికలన్నీ బండికి నివాళి రాశాయి. దాన్ని అన్నేళ్లు నడిచేలా ఉంచిన చేతుల గురించి రాసింది తక్కువ.

రేసు చూస్తుంటే నాకు ముందుగా అనుమానమొచ్చింది లెక్క దగ్గర. చుట్టు చిన్నది కనుక అయిదారు నిమిషాల్లో ముందున్నవాడు వెనకున్నవాణ్ని వెనకనుంచే కలుస్తాడు. ఆపైన ఎవరు ముందో, ఎవరు ఒక చుట్టు వెనకో కంటితో చెప్పలేం. పక్కపక్కన పోతున్న రెండు బండ్లలో ఒకటి నూరో చుట్టులో ఉండొచ్చు, రెండోది తొంభై ఎనిమిదో చుట్టులో ఉండొచ్చు. “మరి ఎవరు లెక్కపెడతారు?” అని అడిగాను. ఇప్పుడు ప్రతి బండిలోనూ సంకేతమిచ్చే చిన్న పెట్టె ఉంటుంది, దారి కింద పాతిన తీగ దాన్ని పట్టుకుంటుంది అని అల్లుడు చెప్పాడు. పూర్వం మనుషులే లెక్కపెట్టేవారు. ఒక్కో బండికి ఒక్కో గుమాస్తా, చేతిలో కార్డు, పెన్సిలు. బండి గీత దాటినప్పుడల్లా కార్డులో రాయడం. అంటే లెడ్జరే! గెలుపు దారి మీద కాదు, కార్డు మీద తేలేది.

ఆ రాత్రి అమ్మాయి ఒక పేరు చెప్పింది: వెండెల్ స్కాట్. తరువాత నేను అతని గురించి దొరికినదంతా చదివాను.

స్కాట్ 1921లో వర్జీనియా రాష్ట్రం డాన్విల్‌లో పుట్టాడు. నల్లజాతీయుడు. టాక్సీ నడిపాడు, రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం బండ్లు బాగుచేశాడు, తిరిగొచ్చి గ్యారేజీ పెట్టాడు, చాలనప్పుడు దొంగసారా కూడా మోశాడు. 1952లో పందేలలోకి దిగాడు. వెనక కంపెనీ లేదు, డబ్బు లేదు. పాత బండి, వాడిన టైర్లు, సహాయానికి కన్నబిడ్డలు. కొన్నిచోట్ల అతణ్ని పందెంలోకే రానివ్వలేదు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ అరమైలు మట్టిదారి మీద రెండువందల చుట్ల పందెం. ఇంకా ఇరవై అయిదు చుట్లు ఉందనగా పెట్టీని దాటి ముందుకొచ్చాడు. అందరికంటే ముందుగా రెండువందల చుట్లూ ముగించాడు. గళ్ల జెండా ఊపలేదు. అలాగే తిరుగుతూ ఉన్నాడు. చివరికి జెండా ఊపింది బక్ బేకర్ అనే తెల్లజాతి డ్రైవరుకు. ట్రోఫీ అతనికే ఇచ్చారు. స్కాట్ అభ్యంతరం చెబితే కార్డులు మళ్లీ చూశారు. జనం ఇళ్లకు పోయాక, ట్రోఫీ కూడా ఊరు దాటాక తేల్చారు: గెలిచింది స్కాట్, అదీ రెండు చుట్ల తేడాతో. లెక్క రాయడంలో పొరపాటు జరిగిందన్నారు. డబ్బు ఇచ్చారు. వేదిక, చప్పట్లు, ఆనాటి ఫొటో ఇవ్వలేకపోయారు. ఆనవాయితీ ప్రకారం తెల్ల అమ్మాయి చేతిమీదుగా నల్లవాడు ట్రోఫీ అందుకోవడం ఇష్టంలేకే అలా చేశారని స్కాట్ నమ్మాడు.

ఆ తరువాత కూడా పదేళ్లు పరిగెత్తాడు. 1973లో టల్లడేగాలో జరిగిన ప్రమాదంతో ఆట దాదాపు ముగిసింది. 1990లో చనిపోయాడు. 2015లో అతని పేరు నాస్కార్ కీర్తిమందిరంలో చేర్చారు. 2021 ఆగస్టులో, పందెం జరిగిన యాభై ఏడేళ్ల తరువాత, ట్రోఫీ నమూనా ఒకటి అతని కుటుంబం చేతిలో పెట్టారు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో ఉన్నాను. లెక్క పొరపాటు అంటే ఏమిటో నాకు తెలుసు. సాయంత్రం క్యాషు సరిచూస్తే ఒకరోజు పది తక్కువ వస్తుంది, ఇంకోరోజు ఇరవై ఎక్కువ వస్తుంది. పొరపాటుకు పక్షపాతం ఉండదు. ఎప్పుడూ ఒకే ఖాతాలోంచి తగ్గుతూ, ఎప్పుడూ ఒకే ఖాతాలోకి చేరుతుంటే ఏ ఆడిటరూ దాన్ని పొరపాటు అని రాయడు. జాక్సన్‌విల్‌లో కార్డు రాసినవాడి మనసులోకి మనం పోలేం. కానీ ఒక్కటి అడగొచ్చు. బేకర్ గెలిచి స్కాట్‌కు ట్రోఫీ వెళ్లిపోయే పొరపాటు ఆ రోజుల్లో జరిగేదా?

మా బ్యాంకు భాషలో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంది. సొమ్ము వచ్చింది, ఎవరిదో తేలలేదు, అప్పుడు అందులో వేస్తారు. అది తాత్కాలికం. తేలగానే అసలువాడి ఖాతాకు మార్చాలి. మార్చకుండా ఏళ్లతరబడి ఉంచితే మాకు మెమో వస్తుంది. స్కాట్ గెలుపు అన్నేళ్లూ సస్పెన్స్‌లోనే ఉండిపోయింది. అతను ఉండగా మార్చినవాడు లేడు.

మన కామాఠీపురా సంగతి కూడా అదే కదా! కామాఠీ అంటే పనిచేసేవాడు. పద్ధెనిమిదో శతాబ్దం చివరినుంచి నిజాం రాజ్యపు పల్లెల్లోంచి వచ్చి, రాళ్లు మోసి, కట్టడాలు లేపి, ఈ నగరానికి రూపమిచ్చినవాళ్ల పేరే ఆ పేటకు మిగిలింది. ఇక్కడి తెలుగు కాంట్రాక్టర్లు, రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ వంటివాళ్లు, జోతిరావు ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో వెన్నుదన్నుగా నిలిచారు. కానీ ఇప్పుడు టాక్సీవాడికి కామాఠీపురా అని చెబితే అతని మొహంలో కనిపించే నవ్వు మీ అందరికీ తెలుసు. మన పిల్లలు ఉద్యోగపు దరఖాస్తులో ‘ముంబై సెంట్రల్ దగ్గర’ అని రాసుకుంటారు. కట్టినవాళ్ల పేరు మరొకరి బాధకు చిరునామాగా మారింది. ఆ గల్లీల్లో బతుకీడ్చే ఆడవాళ్ల తప్పు కాదది. వాళ్ల చుట్లు కూడా ఏ కార్డులోనూ పడనివే.

ఇంతవరకూ ఊరి సంగతి. ఇంటి సంగతి కూడా ఒకటుంది.

కామాఠీపురాను మొత్తంగా పడగొట్టి మ్హాడా ఆధ్వర్యంలో కొత్తగా కట్టే పథకం కొన్నేళ్లుగా నడుస్తోంది. మా పెద్దనాయన ఖోలీ ఆ పరిధిలోనే ఉంది. పదడుగులకు పన్నెండు. నేను పదో తరగతి దాకా చదివింది అక్కడి అటక మీదే. ఆయన నలభై ఏళ్లకు పైగా నెలనెలా కిరాయి కట్టాడు. రసీదు మాత్రం ఆయనకంటే ముందు అక్కడ ఉన్న ఒక మేస్త్రీ పేరు మీదే వచ్చేది. పేరు మార్చమంటే గుమాస్తా “కట్టేది నువ్వే గదా, పేరుతో పనేముంది? మళ్లీ చూద్దాం” అనేవాడు. పెద్దనాయనకు చదువు రాదు. రసీదులన్నీ దారానికి గుచ్చి దాచాడు.

ఇప్పుడు మా అన్న ఆ ఖోలీలో ఉంటున్నాడు. ఒక ఆఫీసులో అతనికి చెప్పారు, రసీదు మీద పేరెవరిదో వాళ్లే కిరాయిదారని. మేస్త్రీ వారసులెవరో ఆ పేటలో ఎవరికీ తెలియదు. అన్న వచ్చి నా ముందు కూర్చుని, “తమ్మీ, నాయిన కట్టిన పైసలు లెక్కల ఉన్నయి, నాయిన లేడురా” అన్నాడు.

ఆ మాట విన్నాక మూడు ఆదివారాలు కూర్చున్నాం. రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, ఓటర్ల జాబితా, అన్న బడి వదిలినప్పటి సర్టిఫికెట్, పెద్దమ్మ ఆసుపత్రి చీటీలు. ఆ చిరునామా ఉన్న ప్రతి కాగితాన్నీ తేదీల వరసన పేర్చి, ప్రతి రసీదు పక్కన ఆ ఏటి సాక్ష్యం జతచేశాం. వోచరుకు వోచరు. ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో అవి కూడా దాచకుండా జాబితా రాశాం. దరఖాస్తు తీసుకున్నారు, ముద్ర వేశారు. విచారణలో ఉంది అంటున్నారు. ఏమవుతుందో చెప్పలేను. కానీ స్కాట్ కథలో నాకు గట్టిగా పట్టుకున్నది ట్రోఫీ కాదు. ఆనాడు అతను దుమ్ములో నిలబడి, కార్డులు మళ్లీ చూడండి అని అడగడం. అడగబట్టే కదా ఆ గెలుపు కాగితం మీదికెక్కింది! యాభై ఏడేళ్ల తరువాత అతని పిల్లలకు చూపించడానికి ఒక సంఖ్య అంటూ ఉంది.

ఈ పత్రిక చదివేవారిలో చాలామంది చాళ్లలో పుట్టినవారే. ఇళ్లు వదిలి ఠాణేకో, వాశీకో వెళ్లినా మీ అన్నదమ్ములెవరో ఇంకా అక్కడే ఉంటారు. అటక మీద ట్రంకుపెట్టె ఉంటుంది. దారానికి గుచ్చిన రసీదులుంటాయి. చెదలు పట్టకముందే దించండి. పేరు ఎవరిదో, తేదీ ఏదో చూడండి. తప్పుంటే ముసలివాళ్లు బతికుండగానే అడగండి, రాయించండి, సంతకం పెట్టించండి. ఎన్ని చుట్లు తిరిగారో వాళ్లకు తెలుసు. కార్డు మీద వేయించాల్సింది మనం.