మిత్రుని శరత్తు

నేను పేరుగన్న చిత్రకారుడను కాను. ఐనను మా యింటి గోడమీది శరత్కాల చిత్రమును చూచి, దాని వృత్తాంతము నడుగువారు కలరు. అది నేనొక అపరాధమునకు ఆలస్యముగా చేసికొన్న ప్రాయశ్చిత్తము.

కడప సీమలో నేను చదువుకొను దినములలో ఒకనాడు మా తరగతివారిని శరదృతువును చిత్రింపుమనిరి. నేను విదేశపు క్యాలెండరులోని బొమ్మను చూచి, ఎఱ్ఱని ఆకులు రాలుచున్న చెట్లను, వాని నడుమ నీలపు సరస్సును దించితిని. అందరును మెచ్చుకొనిరి. నా ప్రక్కన కూర్చుండు మిత్రుడు బీడునేలను, పూచిన తంగేడు పొదలను, ఒక గొఱ్ఱెల మందను చిత్రించెను. కాగితమంతయు పసుపును మట్టిరంగునై యుండెను. తరగతి యంతయు నవ్వెను. ఆ నవ్వులో నా నవ్వును కలిసెను.

బడి విడిచిన పిదప అతడు కోపింపక నన్నిట్లడిగెను: “నీ చెట్టు మన యూరిలో ఎక్కడ నున్నదిరా?”

నాకు సమాధానము తోచలేదు.

“మన చెట్లు ఆకులు రాల్చునది శిశిరములో గదా! శరత్తులో మన నేల పసుపు పూసికొనును. మా నాయన వెంట గొఱ్ఱెలు తోలుకొని పోవునపుడు చూచినదే వేసితిని.”

అప్పటికిని నేను “నీదే మేలు” అనలేదు.

చదువులు ముగిసెను. వరుసగా వానలు లేని యేండ్లు వచ్చుటచే అతని కుటుంబము ఊరు విడిచిపోయెను. కొంతకాలము ఉత్తరములు నడచెను. పిమ్మట అతని మరణవార్త వచ్చెను.

దామెర్ల రామారావు 1925లో చిన్న వయస్సుననే మరణింపగా, రాజమహేంద్రవరములో ఆయన స్థాపించిన చిత్రకళాశాలను మిత్రుడు వరదా వెంకటరత్నము నిలిపెను. అంతటి శక్తి నాకు లేదు. ఒక్క చిత్రమైనను వేయవలెననుకొంటిని.

ఆశ్వయుజమున రంగుల పెట్టె తీసికొని గండికోటకు పోతిని. అచ్చట పెన్న ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని లోతైన గండిలో సాగును. ఆ గండినిబట్టియే కోటకు ఆ పేరు. ఇరుగట్టులను ఎఱ్ఱరాళ్లు పేర్చిపెట్టినట్లు పొరలుపొరలుగా నిలిచియుండును. గట్టుమీద తంగేళ్లు పూచియుండెను. సీతాఫలములు కన్ను విచ్చుచుండెను. దూరపు చేలలో స్త్రీలు వేరుసెనగ పెఱికి కుప్పలు వేయుచుండిరి. ఇన్నేండ్లును ఈ సీమలోనే తిరిగియు నేను చూడని శరత్తు అది!

ఇచ్చటికి కొంత దూరమున, ముద్దనూరు చేరువనున్న చింతకుంట గుట్టలలో, ప్రాచీన మానవులు రాతిపై ఎఱ్ఱమట్టితో జంతువుల బొమ్మలు వేసిరి. తమ చుట్టు తిరుగు మృగములనే వారు చిత్రించిరి. నా మిత్రుని విద్యయు అట్టిదే.

మూడుదినములు కూర్చుండి చిత్రమును ముగించితిని. నా పెట్టెలోని పసుపురంగు అంతయు చెల్లిపోయెను. చివర తంగేళ్ల నడుమ ఒక గొఱ్ఱెల మందను, దాని వెనుక నడచిపోవు బాలుని నుంచితిని. అతని ముఖము కానరాదు. అతడొకసారి వెనుదిరిగినచో నేను చెప్పవలసిన మాట ఒక్కటే: “నీదే మేలురా!”

బాలలారా! ఆ మాట చెప్పుటకు నాకు ముప్పదియేండ్లు పట్టెను. అప్పటికి వినువాడు లేడు. తోడివాని మంచిపని మీ కంటబడిన నాడే మెచ్చుకొనుడు.