దుఃఖమును చూచు ఎత్తు

హైదరాబాదునుండి ముంబయికి పోవు పెద్దబాటమీద, కర్ణాటక సరిహద్దునకు కొలదిదూరము ఈవల నున్న జహీరాబాదును చెఱకునకును, అల్లమునకును, ఆలుగడ్డకును, ఇటీవల ట్రాక్టర్ల కర్మాగారమునకును ఎఱిగినవారు పెక్కుమంది కలరు గాని, చలనచిత్రకళకు ఈ ప్రాంతము చేసిన ఉపకారమొకటి కలదని చెప్పినచో నమ్మువారు అరుదు. చేసినవారు పండితులు కారు. 1983లో ఆరంభమై పస్తాపూరు కేంద్రముగ పనిచేయుచున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు, కలుపు తీసి విత్తనము దాచిన చేతులతోనే, అక్షరము నేర్వకమునుపే కెమెరా పట్టనేర్చి, తమ చేలను గూర్చియు తమ బ్రదుకులను గూర్చియు చిత్రములు తీయసాగిరి. వారిని ఆ త్రోవకు మళ్లించినవాడు దూరదర్శనులో నిర్మాతగా పనిచేసి వచ్చిన పి. వి. సతీశ్.

కెమెరాను ఎంత ఎత్తున నిలుపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు పాఠ్యగ్రంథములలోని పేర్లు ఆ స్త్రీలకు పట్టలేదు. పైనుండి క్రిందికి చూచుదానిని పటేలు షాటు అనిరి. మంచముమీదనో అరుగుమీదనో కూర్చుండి వాకిట నిలిచిన జీతగానిని పటేలు చూచు చూపు అదియే గనుక. క్రిందినుండి పైకి చూచునది బానిస చూపు. సంఘములో అందఱును నేలమీద గుండ్రముగ కూర్చుండి ఒకరి మొగమును ఒకరు చూచుకొనురీతిగ కంటికి సమముగ నిలిపినది సంఘం షాటు. తమ చిత్రములకు వారు కోరుకొన్నది ఈ మూడవదియే. ఈ సంగతి నా చెవిని పడిన నాటినుండి, తెరమీద ఎవరైన మరణించునప్పుడెల్ల, ఏడ్చుటకు మునుపు, నన్ను ఏ ఎత్తున కూర్చుండబెట్టి ఏడిపించుచున్నారో చూచుకొను దురలవాటొకటి నాకు పట్టుకొన్నది. ఇక్కడ ఎత్తనగా కెమెరా కాళ్ల కొలత కాదు, కథ నాకిచ్చు స్థానము. రసాస్వాదనమునకు ఇది మేలుచేయు అలవాటు కాదు. పక్కసీటువారికి అసలే గిట్టదు.

మన పూర్వపు నాట్యాచార్యులు మరణమును రంగస్థలమునకు రానీయలేదు. భాసుని ఊరుభంగములో దుర్యోధనుడు ప్రేక్షకుల యెదుటనే ప్రాణము విడుచుట వంటివి అపవాదములు. సామాన్యముగ చావు తెరవెనుకనే జరిగి, వార్తయై వచ్చి, బ్రదికినవారి మాటలలో మాత్రము వినబడవలెను. సినిమా వచ్చి ఆ తెర తొలగించెను. తొలగించిన పిమ్మట, చచ్చువాని మొగమును అంత దగ్గఱనుండి చూచుటకు మనకేమి అధికారమున్నదను ప్రశ్నకు ప్రతి దర్శకుడును తనకు తోచిన సమాధానము చెప్పుకొనవలసివచ్చినది.

1953లో వేదాంతం రాఘవయ్య తీసిన దేవదాసును తలచుకొనుడు. త్రాగిన కన్నులు సహజముగ బరువెక్కుటకై ఆ ఘట్టములను రాత్రివేళలయందు చిత్రించిరని చెప్పుదురు. దేవదాసు పార్వతి అత్తవారి యింటి వాకిట పడియున్నాడు. లోపల పార్వతికి తెలియదు. బయట గుమిగూడినవారికి అతడెవరో తెలియదు. తెలిసినవారము మనమొక్కరమే. లోపలను వెలుపలను ఏకకాలమున చూడగల స్థానమునందు కూర్చుండి, ఇప్పుడు తెలియునా, ఇంకొక క్షణమునకు తెలియునా అని తపించు ఆ తపనయే మన కన్నీటికి మూలము. దేవదాసుగ అక్కినేని నాగేశ్వరరావు, పార్వతిగ సావిత్రి ఎంతటి నటులైనను, నేను చూచుచున్నది మాత్రము మేడమీదనుండియే. నాకు విధి ముందుగనే తెలిసియున్నది. తెలియనివారిపై జాలిపడుట సులభము. 1993లో వచ్చిన మాతృదేవోభవలో, భర్తను పోగొట్టుకొని, క్యాన్సరు సోకిన తల్లి, తాను పోకమునుపే బిడ్డలను ఒక్కొక్కరినిగ పరుల యిండ్లకు అప్పగించుచుండగ హాలులో ఏడ్వనివారు లేకపోయిరి. నేనును ఏడ్చితిని, ఏడ్చుచు, ఇంటికి పోయి మన పిల్లలు మనయొద్దనే యున్నారుగదా యని తృప్తిపడు జనములో ఒకడనైతిని. పటేలు చూపులో క్రూరత్వమే ఉండవలెనని లేదు; దయయు ఉండవచ్చును. దయ ఉన్నంతమాత్రమున ఎత్తు తగ్గదు.

క్రిందినుండి పైకి చూచు చావులు వేఱు. శంకరాభరణములో శంకరశాస్త్రి కచేరి నడుమ ఒఱిగిపోవుటయు, అతని పాదములయొద్దనే తులసి ప్రాణము విడుచుటయు, విద్య మఱియొక తరమునకు సంక్రమించుటయు చూచినప్పుడు ప్రేక్షకుడు ఏడ్చినను, ఆ ఏడ్పులో భయము లేదు, ఎడబాటు లేదు, ఉన్నది నమస్కారము. అట్టి మరణము సంభవించుట యోగమని మన పెద్దలందురు. కాని ఎందఱికి సంభవించును? ఆ చిత్రము 1980 ఫిబ్రవరి 2న విడుదలైనది. దానిని తీసిన కె. విశ్వనాథ్ 2023లో సరిగ్గ ఫిబ్రవరి 2నాడే పరమపదించెను. ఇట్టి యోగాయోగమును ఏ రచయితయైన కథలో పెట్టినచో అతికించినట్లున్నదని మనమే కొట్టివేసియుందుము. జీవితమునకు ఔచిత్యవిచారము లేదు. అది తన యిచ్చవచ్చిన తేదీలను తెచ్చి పెట్టును.

తేదీలను వశపఱచుకొనుటకు ప్రయత్నించిన చిత్రము మనం. ఫిబ్రవరి 14, గడియారస్తంభము, కారు ప్రమాదము, ఒక తరములో చనిపోయిన దంపతులు వేఱొక తరములో మరల జన్మించుట, ముసలికొడుకు పడుచువారైన తలిదండ్రులను వెదకికొనుట, అదే ముహూర్తమున రాబోవు మృత్యువును తప్పించుట: ఇంతటి ఏర్పాటు చేసి ఆ కథ చెప్పునదేమనగా, పోయినవారు పోలేదని. దుఃఖమునకు ఇంతకంటె పాతమందు లేదు. ఇంతకంటె తీయనిదియు లేదు. కాని దాని వెనుక మఱియొక కథ కలదు. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు తనకు క్యాన్సరు వచ్చినదని పత్రికలవారిని పిలిచి తానే చెప్పెను. ఆ చిత్రములో తన కొడుకునకు కొడుకుగ నటించి, తన పాత్రకు తన గొంతునే ఇచ్చి, 2014 జనవరి 22న కన్నుమూసెను. మే 23న చిత్రము విడుదలైన దినమున, తెరమీద నవ్వుచున్న ఆ తొంబదియేండ్ల మనిషి ఇక లేడని హాలులోని పసిపిల్లకు సహితము తెలియును. దేవదాసు నాడు మనకు తెలిసినది పాత్రకు తెలియదు. ఇక్కడ మనకు తెలిసినది ఆ నటునకును, నటించుచున్నప్పుడే, తెలిసియుండెను. అఱువదియేండ్లనాడు మనలను మేడయెక్కించిన మనిషియే ఈసారి మనప్రక్క వచ్చి కూర్చుండెను. పునర్జన్మకథకంటె ఈ సమానతయే నన్ను ఎక్కువగ కదలించినది.

ఇక నేలమీది చావులు. జహీరాబాదు వీధులలో మరణము ఒక్క భాషలో మాటలాడదు. తెలుగు, కన్నడము, ఉర్దూ కలగలిసిన ఈ ప్రాంతమున ఒకనాడు లింగాయతుల ఇంటిలో పోయినవారిని కూర్చుండబెట్టి అలంకరించి సమాధికి కొనిపోవుదురు. ఇంకొకనాడు జనాజా సాగును, భుజము పట్టుటకు ఎఱుగనివారుకూడ దుకాణము దిగి నాలుగడుగులు నడతురు. మఱియొకనాడు డప్పులు మ్రోగుచుండగ, పేలాలును చిల్లరపైసలును చల్లుచు పోవుదురు, పిల్లలు ఆ పైసలకై పెనుగులాడుదురు. ప్రతి యింటను కనబడు సంగతియొకటి కలదు: దగ్గఱివారికి ఏడ్చుటకంటె పనులు ఎక్కువ. షామియానా ఎవరు చెప్పవలె, దూరపు చుట్టమునకు ఫోను చేసితిరా, కట్టెలు వచ్చినవా, వచ్చినవారికి చాయ పోసితిరా. శోకాలు తీసి ఏడ్చు స్త్రీ సహితము, పోయినవాని గుణములను వరుసగ రాగము పెట్టి చెప్పుచుచెప్పుచు, గుమ్మములో క్రొత్తగ అడుగుపెట్టిన ఆడబిడ్డను చూచి ఆ వరుసలో ఆమె పేరు చేర్చుకొనును. తత్త్వవేత్తలు దీనిని కపటమనుకొందురేమో. నాకు మాత్రము ఇది మనుష్యుడు మునిగిపోకుండుటకు పట్టుకొను గట్టు.

ఆ గట్టుమీద కెమెరా పెట్టిన చిత్రము బలగం. వేణు యెల్దండి దర్శకత్వమున 2023 మార్చి 3న విడుదలైన ఈ చిత్రములో కొమురయ్య యను వృద్ధుడు కథ మొదలైన కొంతసేపటికే పోవును. పోవుట పోయెను గాని, అప్పులలో మునిగి, పెండ్లివలన వచ్చు కట్నముమీద ఆశపెట్టుకొన్న మనుమడు సాయిలునకు ఆ చావు రాకూడని వేళ వచ్చినది. తాత పోయెనని అతడు మొదట దుఃఖింపడు, విసుగుకొనును. తెలుగుతెరమీద ఇంతకంటె సత్యమైన శోకారంభమును నేను చూడలేదు. మృత్యువు అకాలమున వచ్చుననుటకు మన కవులు లేతప్రాయమునే ఉదాహరించుచు వచ్చిరి. పండుటాకు రాలినను, రాలిన దినము ఎవరికో ఒకరికి అకాలమే యగునను సంగతి ఈ కథ పట్టుకొన్నది.

పిమ్మట మూడవనాడు పిట్టకు పెట్టుదురు, కాకి ముట్టదు. మరల పెట్టుదురు; ముట్టదు. ముసలివానికి ఏ కోరిక మిగిలెనో యని ఊరంతయు తర్కించును. మాంసము పెట్టుదురు, కల్లు పెట్టుదురు. మిగిలియున్నది తిండికోరిక కాదు. ఏనాడో విందులో నల్లిబొక్క దగ్గఱ మొదలైన మాట పెరిగి, బావకును బావమఱదికిని రాకపోకలు తెగి, ఆడబిడ్డ పుట్టింటి గడప త్రొక్కక యేండ్లు గడచుట. నల్లిబొక్క యని నవ్వువారు నవ్వవచ్చును. పంచిన భూములవద్ద చెడిన కుటుంబములకంటె వడ్డించిన విస్తళ్లవద్ద చెడినవి తక్కువయని నేననుకొనను. అవమానమునకు తూనికరాళ్లు వేఱు. పదునొకండవనాడు బుడగజంగాల దంపతులు వచ్చి పోయినవాని పక్షమున నిలిచి పాడుదురు. ఆ పాటలో అన్న, తమ్ముడు, చెల్లెలు, మనుమడు ఒక్కొక్కరే వరుసగ పిలువబడి, పిలువబడినవారు కరుగుదురు. ఏడ్వరాని కుటుంబమునకు ఏడ్పు నేర్పుటకొక కులవృత్తి యుండుట మన సమాజము చేసికొన్న యేర్పాటులలో మిక్కిలి తెలివైనది. ఆ పాట పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ నటులు కారు. ఊరూర తిరిగి శోకము పాడుటయే వారి జీవనమై యుండెను. పల్లెలలో పంచాయతీల ముందర తెరలు కట్టి ఈ చిత్రమును ఊరుమ్మడిగ చూచిరి. చూచి, యేండ్లుగ పలుకరింపని అన్నదమ్ములు ఒకరి యింటికొకరు పోయిరను వార్తలు పత్రికలలో వచ్చెను. మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించెను.

ఐనను ఈ చిత్రముతో నాకొక తగవు కలదు. పది దినములు నేలమీద కూర్చుండి చూచిన కెమెరా చివరకు మెల్లగ లేచి నిలుచును. పాట ముగియును, అందఱును కౌగిలించుకొందురు, కాకి వచ్చి ముట్టును. మేనత్త కూతురితో సాయిలు మనసు కలియుసరికి, కథను మొదలుపెట్టిన అప్పు కథకు అక్కఱలేని సంగతియై పోవును. కాకి రాకుండగ చిత్రమును ముగించు ధైర్యము ఎవరికుండును? వసూళ్ల సంగతి అటుంచి, ఊరుమ్మడిగ కూర్చున్న జనమునకు అంత ఎడబాటును మిగిల్చి ఇండ్లకు పంపుట మర్యాద కాదేమో యని ఒకప్పుడు నాకే తోచును. మరునాడు ఆ మాట మార్చుకొందును.

ఆ చిత్రము హాళ్లలో ఆడుచుండగనే, మార్చి 19న, సతీశ్ మరణించెను. ఆయనవలన కెమెరా పట్టనేర్చిన స్త్రీలు అంతకు రెండు దశాబ్దముల క్రిందటనే, దేశమున బీటీ పత్తికి అనుమతి వచ్చిన 2002వ సంవత్సరమున, వరంగల్లు జిల్లాకు పోయి, ఆ విత్తనము వేసిన రైతులను పంటకాలమంతయు వెంబడించి చిత్రము తీసిరి. 1997-98లో పురుగుపట్టిన పత్తివలన రైతులు ప్రాణములు తీసికొన్న జిల్లా అది. ఏ యింటిలో ఏ మరణమున్నదో అడుగకయే తెలియు చోటు. ఆ స్త్రీలును రైతులే గనుక వారు మొదట అడిగినది కన్నీటిని గాదు: విత్తనమునకు ఎంతైనది, మందునకు ఎంతైనది, కాయ ఏమాత్రము వచ్చినది, తెచ్చిన అప్పు ఎట్లు తీర్చెదవు అని. అడుగుచున్న స్త్రీయు చెప్పుచున్న రైతును ఒకే యెత్తున నున్నారు. ఆ రైతులు కోపముతో లెక్క చెప్పుకొనుచుపోవుదురు, ఖర్చు ఇంత, రాబడి ఇంత. చిత్రము ముగియు వేళకును ఆ అప్పు తీరదు.