రాగిజావ, గ్లూకోమీటరు, మా నాన్న

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాక సంక్రాంతికి ఇంటికెళ్లాను. మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరు. వెళ్లిన రోజే తలనొప్పిగా ఉంటే పారాసిటమాల్ కోసం మందుల డబ్బా తెరిచాను. అడుగున నాన్న షుగర్ మాత్రల అట్ట కనిపించింది. పదిహేను మాత్రల్లో నాలుగే ఖాళీ. దానికి పిన్ చేసిన బిల్లు మీద తేదీ చూస్తే నవంబరు మొదటివారం. అంటే రెండు నెలలుగా నాన్న మాత్రలు వేసుకోవడం లేదు.

ఆ పక్కనే ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. మునగాకు, నేరేడు గింజలు, పొడపత్రి, మెంతులు కలిపి చేసిన పొడి. పైన పెద్ద అక్షరాలతో “షుగర్ వ్యాధి సమూలంగా మాయం” అని రాసి ఉంది.

“అమ్మా, ఇదేంది?”

“మీ నాయన్నే అడుగు. నేను చెప్తే వింటాడా?”

నాన్న మాత్రం హుషారుగా చెప్పాడు. యూట్యూబ్‌లో ఒకాయన చెప్పాడట. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా ఆ పొడి. దాంతోపాటు రోజుకు మూడు పెద్ద గ్లాసుల రాగిజావ. “రాగులు చిరుధాన్యం రా. షుగరున్నోళ్లు ఎంతైనా తాగొచ్చు. ఇంగ్లీషు మందులు మొదలుపెడితే కాటికి పోయేదాకా వదలవు.”

ఆ మాట చెబుతూ కాలు ముందుకు చాపాడు. బొటనవేలి పక్కన పసుపు అద్దిన గుడ్డ కట్టి ఉంది. చెప్పు ఒరుసుకుందట. ఎన్నాళ్లయిందంటే మూడు వారాలన్నాడు. షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్లకి కాలి పుండు త్వరగా మానదని, అలాగే వదిలేస్తే వేలు తీసేసేదాకా రావొచ్చని నాకు తెలుసు. భయం వేసింది. ఆ భయం కోపంగా బయటికొచ్చింది. “చదువుకున్నోడివి, నీకు బుద్ధుందా నాన్నా?” అని అరిచేశాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాన్న తిరిగి అరవలేదు. మెల్లగా ఒక్కటే అడిగాడు.

“ఫస్టియర్‌లో నీకు డెంగ్యూ వచ్చినప్పుడు బొప్పాయాకు రసం తాగితేనే కదరా ప్లేట్‌లెట్లు పెరిగింది? అందరికీ నువ్వే కదా చెప్పింది?”

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే నేను హాస్టల్ అంతా చెప్పాను. 48 వేలున్న ప్లేట్‌లెట్లు మూడు రోజుల్లో లక్ష దాటాయని, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి మా గ్రూపులో పోస్ట్ కూడా చేశాను. చాలామంది దాన్ని ఫార్వర్డ్ చేశారు. ఆ యూట్యూబ్ ఆయనకీ నాకూ తేడా ఒకటే. ఆయన పొడి అమ్మాడు, నేను ఊరికే పంచాను.

ఆ రాత్రి నిద్ర పట్టక నా కేసు నేనే మళ్లీ తిరగేశాను. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు మామూలుగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య పడిపోతాయి. జ్వరం తగ్గి, గండం గడిచాక చాలామందిలో వాటంతటవే పెరుగుతాయి. అమ్మ నాకు రసం పట్టింది ఆరో రోజున. ఆ రోజు నేను కొబ్బరినీళ్లు తాగినా, మిరియాల చారు తాగినా ఆ రెండో రిపోర్టు బహుశా అలాగే వచ్చేది. అప్పుడు చారు గురించి పోస్ట్ పెట్టేవాణ్ణి.

అంటే బొప్పాయాకు పనిచేయదని కాదు. పనిచేసిందో లేదో నా కథ చెప్పలేదు, అంతే. ల్యాబ్‌లో మనం చేసేది గుర్తు చేసుకోండి. ఒక రెసిస్టర్ ప్రభావం తెలియాలంటే దాన్నొక్కదాన్నే మార్చి మిగతా సర్క్యూట్‌ని కదపకుండా ఉంచుతాం. రసం తాగిన నేను ఒకణ్ణే ఉన్నాను. తాగని నేను ఎక్కడా లేను, పోల్చడానికి. అందుకే మందుల్ని పరీక్షించేటప్పుడు రోగుల్ని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒకరికి మందు, ఇంకొకరికి మందులేని ఉత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియనివ్వరు, చూసే డాక్టరుకీ తెలియనివ్వరు. పైగా రసం తాగినా ప్లేట్‌లెట్లు పెరగనివాడు హాస్పిటల్ మంచం మీద నుంచి పోస్ట్ పెట్టడు. మనకి కనిపించేవన్నీ గెలిచినవాళ్ల కథలే.

తర్వాత ఆ పొడి డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను. దాని మీద “మునగాకులో పాలకంటే 17 రెట్లు కాల్షియం” అని ఉంది. చాలాచోట్ల చూసిన మాటే. లెక్క చేస్తే అబద్ధం కాదు. 100 గ్రాముల ఎండు మునగాకు పొడిలో సుమారు 2000 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, 100 గ్రాముల ఆవుపాలలో సుమారు 120. కానీ పాలలో ఎక్కువ భాగం నీళ్లే, పొడిలో నీళ్లన్నీ ఎండిపోయాయి. పైగా 100 గ్రాముల పొడి ఎవరూ తినరు. ఒక చెంచా 5 గ్రాములనుకుంటే వచ్చేది 100 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల పాలు తాగితే 240. పదిహేడు రెట్లన్నది కాస్తా సగం కూడా లేకుండా పోయింది. యూనిట్లు రాయకపోతే మా సార్లు మార్కులు కోసేది ఇందుకేనేమో!

ఇక రాగులు. మా సీమవాళ్లకి రాగిసంకటి మీద మాట పడితే ఊరుకోం. అందుకే జాగ్రత్తగా చూశాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. అంటే రాగులు మంచివన్న మాట నిజమే. కానీ అదే పట్టికలో ఇంకో గడి ఉంది. పిండిపదార్థం బియ్యంలో 78 గ్రాములైతే రాగుల్లో 67. తేడా ఉంది గానీ “ఎంతైనా తాగొచ్చు” అనేంత తేడా కాదు. అందులోనూ మెత్తగా పట్టించిన పిండిని పల్చగా కాచి తాగితే త్వరగా అరుగుతుంది, చక్కెర త్వరగా రక్తంలోకి చేరుతుంది.

ఇదంతా నాన్నకి చెప్తే వింటాడా? వినడు. రాత్రి అరిచినవాడు పొద్దున లెక్కలు చెప్తే నేనైనా వినను. అందుకే ఇంకోలా అడిగాను. “నాన్నా, నా మాట నమ్మొద్దు, ఆయన మాటా నమ్మొద్దు. మనమే కొలుద్దాం.” మెడికల్ షాపుకెళ్లి గ్లూకోమీటరు తెచ్చాను. పరగడుపున 208. ఎప్పట్లాగే పెద్ద గ్లాసు రాగిజావ తాగాడు. రెండు గంటల తర్వాత 311.

నాన్న మీటరు వైపు చూసి “మిషను సరిగ్గా ఉందా?” అన్నాడు. మంచి ప్రశ్న. అమ్మకీ నాకూ చూశాం. మామూలుగానే వచ్చింది.

ఇక్కడ నేను నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఒక్క మనిషి మీద ఒక్క పూట చేసిన కొలత కూడా శాస్త్రీయ పరీక్ష కాదు. నా డెంగ్యూ కథని తప్పుపట్టి దీన్ని రుజువంటే అన్యాయం. ఏ పొడి మంచిదో ఇది తేల్చదు. కానీ ఆయన చెప్పింది “ఎంత తాగినా పెరగదు” అని. “ఎప్పుడూ” అన్న మాటని కొట్టేయడానికి ఒక్క ఉదాహరణ చాలు.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాం. గత మూడు నెలల సగటు చూపించే హెచ్‌బిఎ1సి పరీక్షలో 10.4 వచ్చింది. ఆవిడ కోప్పడలేదు. “మాత్రలు ఎందుకు మానేశారండీ?” అని అడిగారు. నాన్న కాసేపు నసిగి చెప్పాడు. అది వేసుకుంటే కడుపుబ్బరం, విరేచనాలట. డ్యూటీకి బస్సులో వెళ్లాలంటే భయమట. మాత్ర రాసినప్పుడు అవన్నీ వింటారని అనుకోలేదట. వీడియో ఆయన మాత్రం ఇరవై నిమిషాలు తన బాధ తెలిసినట్టే మాట్లాడాడట.

నేను పక్కనే కూర్చుని విన్నాను. కాల్షియం లెక్కలు వేసిన నేను ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

డాక్టరు మాత్రని నెమ్మదిగా కరిగే రకానికి మార్చి, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. కాలికి రోజూ డ్రెస్సింగ్ రాశారు. సంకటి మానేయక్కర్లేదు, చిన్న ముద్ద, దాంతో పప్పూ ఆకుకూరా ఎక్కువగా తినమన్నారు.

తిరిగొచ్చేటప్పుడు నాన్నకి రెండు సంగతులు చెప్పాను. ఒకటి, షుగర్‌ని నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. డబ్బా మీదున్న ఆ ఒక్క వాక్యమే అమ్మేవాడి గురించి చెప్పేస్తోంది. రెండోది ఆయనకి బాగా నచ్చింది. తను “ఇంగ్లీషు మందు” అని తిట్టిన మెట్‌ఫార్మిన్ మూలం కూడా ఒక మొక్కే. యూరప్ నాటువైద్యంలో వాడిన గలీగా అనే మొక్కలో చక్కెర తగ్గించే పదార్థాలున్నాయని గమనించారు. వాటిలో విషగుణం ఉండేది. అదే కుటుంబానికి చెందిన మెట్‌ఫార్మిన్‌ని 1922లో ల్యాబ్‌లో తయారుచేశారు. మనుషుల్లో షుగర్‌కి వాడిన ఫలితాల్ని ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు 1957లో ప్రచురించాడు. పొడపత్రి కూడా అలా పరీక్షలో నెగ్గి, ఎంత మోతాదో తేలి వస్తే వద్దనడానికి మనమెవరం?

“అయితే ఇదీ ఆకుమందేనంటావు” అన్నాడు నాన్న.

“పరీక్ష పాసైన ఆకుమందు.”

నవ్వాడు. పుండు మానడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా అమ్మ రోజూ కాలి ఫోటో పంపేది, నేను క్లాసులో బెంచీ కింద ఫోన్ పెట్టి చూసుకునేవాణ్ణి. నా పాత బొప్పాయాకు పోస్ట్ తీసేసి, ఎందుకు తీశానో అదే గ్రూపులో రాశాను. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

నాన్న మెంతులు మానలేదు. మాత్రా మానలేదు. మొన్న ఒక కొత్త వీడియో పంపించి కింద రాశాడు: “దీనికి రెండో గుంపు ఉందా చూడు.”

ఈసారి సెలవులకి ఇంటికెళ్తే మీరూ మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. సగంలో ఆగిన అట్ట కనిపిస్తే అరవకండి. ఎందుకు ఆపారో ముందు అడగండి.