మల్లెల తీర్థం – అమ్మకి చెప్పిన కథ

సినిమాలో జలపాతం అనగానే ఏం గుర్తొస్తుంది? హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుంటాడు. కట్! మరుక్షణం ఇద్దరూ జలపాతం ముందు తెల్లబట్టల్లో తడుస్తుంటారు. అక్కడికి ఎలా వెళ్ళారో, ఎన్ని మెట్లు దిగారో, కాళ్ళకి ముళ్ళు గుచ్చుకున్నాయో లేదో ఏ డైరెక్టరూ చూపించడు. చూపిస్తే పాటకున్న నాలుగు నిమిషాలూ నడకకే సరిపోతాయి మరి!

2015లో వచ్చిన ‘బాహుబలి’లో ప్రభాస్ ఎగబాకిన జలపాతం ఆకాశాన్ని తాకుతుంది. దానికి మూలమైన కేరళలోని అతిరప్పిళ్ళి అసలు ఎత్తు సుమారు 80 అడుగులే. మిగతాదంతా గ్రాఫిక్స్ చలవ. సినిమావాళ్ళ గురించి రాసి పొట్టపోసుకునే నాబోటివాడికి ఇలాంటి రహస్యాలు తెలుసు. తెలియనిదల్లా ఆ కట్‌కీ, ఈ కట్‌కీ మధ్య వుండే నడక. అది మా అమ్మవల్ల తెలిసింది.

వచ్చే నెల... వచ్చే నెల...

మాది హైదరాబాద్‌లోని తార్నాక. పూర్వం ఇక్కడో తోట, చుట్టూ తీగ కంచె, కాపలాకి నాకా వుండేవనీ, అలా ‘తార్ నాకా’ అయిందనీ పెద్దలు చెప్తారు. ఇప్పుడు తోటా లేదు, తీగా లేదు. ఫ్లైఓవరూ మెట్రో స్టేషనూ వున్నాయి. పక్కనే ఉస్మానియా యూనివర్సిటీ. మా అమ్మ అక్కడ గుమాస్తాగా చేసి రిటైరైంది. తెల్లవారుజామున క్యాంపస్ చెట్లకింద నడిచి, 1939లో ప్రారంభమైన ఆ ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం దాకా వెళ్ళి రావటం ఆమెకి నిత్యపూజ లాంటిది.

అడవి మీద ఆమెకి మొదటినుంచీ మనసు. 1958 నాటి ‘చెంచులక్ష్మి’ని తన చిన్నతనంలో టూరింగ్ టాకీసులో చూసిందట. అక్కినేని, అంజలీదేవి సరే, వాళ్ళ వెనకాల కనిపించే చెట్లే ఆమెకి ఎక్కువ గుర్తు! “అడివిల నీళ్ళు దుంకుతుంటే ఒక్కసారి చూడాలె బిడ్డా” అని నేను బి.ఏ. చదివే రోజులనుంచీ అంటూనే వుంది. “వచ్చే నెల వెళ్దామమ్మా” అని నేనూ అంటూనే వున్నాను. పదిహేనేళ్ళు గడిచిపోయాయి.

ఈలోగా ఆమె మోకాళ్ళు అరిగాయి. ఆర్ట్స్ కాలేజీ దాకా సాగే నడక క్యాంపస్ గేటు దగ్గరే ఆగిపోయింది. ఓ రోజు పొద్దున్నే అక్కడో అరుగుమీద కూర్చుని, నడిచే వాళ్ళని చూస్తూ కనిపించింది. ఆ తర్వాత ‘వచ్చే నెల’ అన్న మాట నా నోట రాలేదు.

పుస్తకంలో చెంచులు

నల్లమలకీ మా క్యాంపస్‌కీ ఓ చుట్టరికం వుంది సుమండీ! ఆస్ట్రియానుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940 ప్రాంతంలో కృష్ణ ఒడ్డు కొండల్లోని చెంచు పెంటల్లో తిరిగి, వాళ్ళ జీవితంమీద 1943లో ఓ పుస్తకం ప్రచురించాడు. తర్వాత ఉస్మానియాలోనే ప్రొఫెసరుగా పనిచేశాడు. సినిమా చెంచులు నెమలీకలు కట్టుకుని డాన్సు చేస్తారు. అసలు చెంచులు అడవిలో దుంపలు తవ్వుకుని తిన్నవాళ్ళు, తేనెపట్టు కోసం కొండచరియనుంచి తాడు పట్టుకుని దిగేవాళ్ళు. పాటకీ బతుక్కీ అంత తేడా!

డిసెంబరులో ఓ ఆదివారం చీకటితోనే టాక్సీలో బయల్దేరాం. శ్రీశైలం రోడ్డులో కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి ఎండ పొడిచింది. అక్కడినుంచి అసలైన అడవి. 2,611 చదరపు కిలోమీటర్ల ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలని పోనివ్వరు. మద్ది, తునికి, వెదురు... ఎక్కడో ఓ నెమలి అరుపు. అమ్మ కారు అద్దం దించేసి, మాట్లాడటం మానేసింది.

ఈ అడవి కిందే యురేనియం తవ్వుతారన్న వార్తతో 2019లో ఊళ్ళు భగ్గుమన్నాయి. శేఖర్ కమ్ముల, విజయ్ దేవరకొండ వంటి సినిమావాళ్ళు కూడా నల్లమల వైపు నిలబడ్డారు. తవ్వకాలు వద్దంటూ ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. తారలు అడవిలో పాడటం మామూలే. అడవి కోసం నోరు విప్పటం మాత్రం అరుదు.

ఇరవయ్యో మెట్టు

వటువర్లపల్లి దగ్గర మెయిన్ రోడ్డు వదిలి, సుమారు 8 కిలోమీటర్లు అడవి దారిన వెళ్తే మల్లెల తీర్థం. కారు అక్కడ ఆగుతుంది. ఆపైన మెట్లే, దాదాపు 350! అన్నీ కిందికి.

పైన కూర్చున్న ఓ చెంచు కుర్రాడు అమ్మ నడక చూసి, “అమ్మతోని కాదు సారూ. దిగినా, ఎక్కుడు కష్టం” అన్నాడు. నేను వినలేదు. పదిహేనేళ్ళ బాకీ ఈ పూటే తీర్చాలన్న పంతం. చెయ్యి పట్టుకుని దించాను. ఇరవయ్యో మెట్టు మీద పళ్ళు బిగించి కూర్చుండిపోయింది.

“ఎత్తుకుని దించుతానమ్మా” అన్నాను.

“నేనేమన్న బియ్యం బస్తానా?” అని గయ్యిమంది. అంతలోనే నవ్వేసి, “నువ్వు పోయి చూసిరా. సినిమా కథలు రాస్తవు గద, అట్లనే వచ్చి నాకు చెప్పు” అంది.

ఒంటరిగా దిగాను. వందో మెట్టు దాటాక గాలి చల్లబడింది. వెదురు పొదల మధ్యనుంచి ముందు చప్పుడు వచ్చింది, చాలాసేపటికి గానీ నీళ్ళు కనిపించలేదు. అడుగున ఓ గుండం, చిన్న శివలింగం. నాచు పట్టిన కొండమీదనుంచి నీళ్ళు ఒక్క పెట్టున దూకటం లేదు. సన్నని పాయలై రాతిని పట్టుకుని జారుతున్నాయి. సినిమా కళ్ళతో చూస్తే చిన్న జలపాతమే. కానీ అన్ని మెట్లు దిగిన కాళ్ళకి అది చిన్నదిగా అనిపించదు.

పక్కన కాలేజీ కుర్రాళ్ళు. ఒకడు బాహుబలి లెవెల్లో నాచు రాయి ఎక్కబోయి జర్రున జారాడు. స్నేహితుడు చొక్కా పట్టుకోబట్టి సరిపోయింది. నా గుండె ఆగినంత పనైంది. ఇక్కడ డూపూ లేడు, రోప్ అంతకన్నా లేదు.

అమ్మకి ఏం చెప్పాలి? కథా, క్లైమాక్సూ లేని చోటు. ఫోటోలు తీసుకుని, తువ్వాలు గుండంలో ముంచి పిండి, భుజాన వేసుకుని ఎక్కటం మొదలుపెట్టాను. సగం దూరంలోనే నా మోకాళ్ళు వణికాయి. ముప్పై అయిదేళ్ళవాణ్ణి, మూడుచోట్ల కూర్చున్నాను. ఎత్తుకుని దించుతానన్న నా మాట తలచుకుంటే సిగ్గేసింది.

పైన అమ్మ ఆ చెంచు కుర్రాడి వంశవృక్షమంతా అడిగేసినట్టుంది. నన్ను చూడగానే, “చెప్పు” అంది. చెప్పాను. చల్లగాలి, వెదురు, శివలింగం, జారిపడ్డ కుర్రాడు... అన్నీ.

“నీళ్ళు ఎట్ల పడుతున్నయి?”

“సన్నగా... రాతిమీద జారుతూ.”

“అదొక్కటేనా? ఈడికి రెండు చప్పుళ్ళు ఇనొస్తున్నయి. ఒకటి సన్నగ, ఒకటి లావుగ.”

కుర్రాడు తలూపాడు. “రాయి మీద జారేది ఒకటి, గుండంల పడేది ఒకటి. అమ్మ మంచిగ ఇన్నది సారూ.”

అక్కడ అరగంట నిలబడి వచ్చిన నాకు ఒక్క హోరే వినిపించింది. ఫోటో తీస్తున్నాను మరి! మారుమాట్లాడకుండా తడి తువ్వాలు తీసి ఆమె మోకాళ్ళమీద వేశాను. “సల్లగున్నది” అని కళ్ళు మూసుకుంది. ఫోటోలు చూస్తావా అంటే, ఇంటికి పోయినంక చూస్తానంది.

మీరూ వెళ్ళదలిస్తే వానలు వెనకబట్టాక, అక్టోబరునుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి. ఎండాకాలం నీళ్ళు సన్నబడతాయి. ముందుగా అటవీశాఖవాళ్ళని కనుక్కోండి. ప్లాస్టిక్ సంచులు ఇంట్లోనే వదలండి. నాచు రాళ్ళ జోలికి పోకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఎవరైనా ఎన్నాళ్ళనుంచో అడుగుతుంటే, వాళ్ళ కాళ్ళలో సత్తువ వుండగానే తీసుకెళ్ళండి. అడవి ఆగుతుంది, మోకాళ్ళు ఆగవు.

నిన్న సాయంత్రం అమ్మ అడిగింది: “సాగర్ కాడ ఎత్తిపోతల అంటరు గద, ఆడ ఎన్ని మెట్లుంటయిరా?”

70 అడుగుల జలపాతమనీ, దిగక్కర్లేకుండా ఎదుటి గట్టుమీదనుంచే చూడొచ్చనీ చెప్పాను.

“అయితే ఎప్పుడు?”

“ఈ ఆదివారమే” అన్నాను.